పూచీ

ధర్మవరంలో చీరల వ్యాపారి కుళ్లాయప్పకు కుచ్చులు చూసే పద్ధతి ఒకటుంది. ఆయన చీర మొత్తం విప్పడు. మడత మీదనే పైటకొంగు వరకు లాగి, కుచ్చుల వరసను ఎడమ అరచేతి మీద పరుచుకుని, కుడి బొటనవేలితో ఒక్కొక్క ముడినే నొక్కుకుంటూ పోతాడు. వదులు ముడి తగిలితే వేలు అక్కడ ఆగిపోతుంది. ఆ సోమవారం ప్రేమలత తెచ్చిన పదకొండు చీరల్లో ఆయన వేలు ఎక్కడా ఆగలేదు.

"నీతో ఎంతమంది చేస్తాండారు పాపా ఇప్పుడు?"

"నలుగురన్నా. నాతో అయిదుమంది."

"అయితే ఇది నువ్వు చేయగలవు" అని ఆయన ఫోను తీసి ఒక ఫోటో చూపించాడు. పెళ్లికూతురి చీర. మూడు వరసల కుచ్చులు, మధ్యలో ముత్యాల పూసలు, చివర్న దారంతో చుట్టిన చిన్న గంటలు. "హిందూపురంలో శోభారాణి అని, పెళ్లి చీరలంగడి పెట్టింది. పన్నెండు చీరలుండాయి. మామూలు కుచ్చులకు వచ్చేదానికి నాలుగింతలిస్తుంది. మధ్యలో నేనుండను, నేరుగా నువ్వే మాట్లాడుకో. గురువారం మాదిరి ముక్క తీసుకుని పోవల్ల."

ప్రేమలత ఖాళీ సంచిని మడిచింది. మడిచినదాన్ని మళ్లీ విప్పి మడిచింది.

"ఆమెను ఈడికి రమ్మనేకి కాదా అన్నా?"

"అంగడి మూసుకుని వస్తాదా?"

ఏడాదిన్నర కిందట మొదటిసారి పని అడగడానికి వచ్చినప్పుడు ఆమె ఎడమ మణికట్టుకు కట్టు ఉండటం కుళ్లాయప్ప చూశాడు. ఏమీ అడగకుండా ఒక చీర ఇచ్చి పంపాడు. ఇప్పుడు కొత్త చీరలు లెక్కపెట్టి ఆమె ముందుకు జరిపి, "నీకిష్టం లేకుంటే చెప్పు. బత్తలపల్లిలో ఇంకొకామె ఉండాది, ఆమెకిస్తా. బుధవారం లోపల చెప్పు, సాలు" అన్నాడు.

మధ్యాహ్నం ప్యాసింజరులో కిటికీ పక్క సీటు దొరికినా ప్రేమలత చాలాసేపు కూర్చోలేదు. ఎప్పుడూ అంతే. పెనుకొండకు ఇంకా ఒక స్టేషను ఉందనగానే లేచి, సంచి భుజానికి తగిలించుకుని తలుపు దగ్గర నిలబడుతుంది. ఎండకు కన్ను మూతపడి దిగడం మరిచిపోతే రైలు హిందూపురం తీసుకుపోతుంది. ఈ ఏడాదిన్నరలో ఒక్కసారీ మరిచిపోలేదు.

ఆమె గది పెనుకొండ కొండ వైపు ఒక సందులో ఉంది. పక్క వాటాలో నాగజ్యోతి ఉంటుంది. భర్త గొర్రెలు తోలుకుని పోయాక ఆమె సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చి ప్రేమలత గదిలో కూర్చుంటుంది. ఆ గదిలో పని జరిగేటప్పుడు ఎవరూ తలకు నూనె రాసుకుని రాకూడదు, పసుపు చేతులతో రాకూడదు. నేల మీద ఉతికిన పాత పంచె పరిచి, దాని మీద చీర పెట్టి, కొంగును బల్ల అంచు మీదుగా వేలాడదీస్తారు. జారకుండా గుడ్డ చుట్టిన ఇటుక ఒకటి మీద పెడతారు. నేత అయిపోయిన చోట వదిలేసిన పట్టుపోగులు జానెడు పొడవున వేలాడుతూ ఉంటాయి. వాటిని వేళ్లతోనే దువ్వి, చిక్కు తీసి, సమంగా పాయలు చేసి ముడి వేయాలి. చూసేవాళ్లకు అది జడ అల్లినంత సులువుగా కనిపిస్తుంది. ఒక పాయలో నాలుగు పోగులు ఎక్కువైతే వరసంతా వంకరపోతుంది.

మంగళవారమంతా ప్రేమలత మాదిరి ముక్కతోనే కుస్తీ పట్టింది. దారపు గంట రెండుసార్లు వదులుగా వచ్చింది. రెండుసార్లూ కత్తిరించి పారేసింది. మూడోసారి దారం చుట్టేటప్పుడు కొసను పళ్లతో పట్టుకుని లాగితే బిగువు కుదిరింది. అప్పుడే ఫోను మోగింది. తెలియని నంబరు. ఆమె చూసి పక్కన పెట్టింది. మోగి మోగి ఆగిపోయింది.

"నిన్న కూడా ఇదే నంబరు గదా" అంది నాగజ్యోతి.

"మొన్న కూడా."

"మీ ఆయనేనంటావా?"

"ఇంగెవురుంటారు నాకు."

నాగజ్యోతి కాసేపు పాయలు విడదీస్తూ కూర్చుంది. తర్వాత తలెత్తకుండానే, "హిందూపురం పనికి మా కోసమని పోవద్దు ప్రేమా. ఈ పనితోనే మాకు జరుగుతాండాది. పోవల్లనిపిస్తే నీ కోసం పో" అంది.

ఆ మాట ప్రేమలతను బుధవారం పొద్దున వరకు వదల్లేదు. తన కోసం అయితే ఏం కావాలి? హిందూపురంలో ఆమె పుట్టింది, చదివింది, గార్మెంటు ఫ్యాక్టరీలో ఆరేళ్లు మిషను తొక్కింది. ఆ బజార్లలో ఏ అంగట్లో ఏ దారం దొరుకుతుందో ఆమెకు తెలుసు. అంత ఊరినీ ఒక మనిషికి ఎవరు రాసిచ్చారు? తనే ఇచ్చేసింది. పది గంటలకు కుళ్లాయప్పకు ఫోను చేసి, పోతానని చెప్పింది.

గురువారం రైలు పెనుకొండలో ఆగినప్పుడు ఆమె దిగేవాళ్ల మధ్య నుంచి ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, హిందూపురం వచ్చేదాకా లేవలేదు.

శోభారాణి అంగడికి గాజు తలుపులు, లోపల చల్లగాలి. ఆమెకు యాభై ఏళ్లుంటాయి. మాదిరి ముక్కను దీపం కిందికి తీసుకుపోయి, తిప్పి చూసి, పూసను గోటితో పట్టి గట్టిగా లాగింది. పూస రాలేదు. గంటను లాగింది. అదీ రాలేదు.

"చెయ్యి బాగుండాది" అంది. "ఏ చీరకు ఏ రంగు పూసనో రవిక గుడ్డలు చూసి రాసుకో."

ప్రేమలత పన్నెండు చీరలకూ రాసుకుంది. అంతా అయ్యాక శోభారాణి కుర్చీలో వెనక్కి వాలి, "ఒక్కొక్క చీర ముప్పై వేలకు తక్కువ లేదు. ఇన్ని నీ చేతికిచ్చి పంపేకి... మీ ఆయన్నొకసారి రమ్మను. ఆధారు జెరాక్సు, ఒక సంతకం. అంతే" అంది.

"ఆయన లేడు మేడం. నేనొక్కదాన్నే ఉండా."

"అయితే మీ నాయన. లేదంటే అన్నో, తమ్ముడో. ఎవురో ఒక మగమనిషి పూచీ ఉండల్ల గదా."

ఆమె దాన్ని కటువుగా అనలేదు. రైలుకు టిక్కెట్టు ఉండాలి కదా అన్నట్టు అంది.

"ఈ అంగడి పెట్టేటప్పుడు మీకెవురుండిరి మేడం?" అని ప్రేమలత అడిగింది. ఎత్తిపొడుపుగా కాదు, తెలుసుకోవాలనే అడిగింది.

"బ్యాంకులో మా ఆయన సంతకం పెట్టినాడు" అంది శోభారాణి. అన్నాక ఎందుకో ముఖం పక్కకు తిప్పుకుని బల్ల మీది రవిక గుడ్డలు సర్దింది.

ప్రేమలత ఆ గుడ్డల వైపే చూస్తూ ఆలోచించింది. లేచి పోవచ్చు. పోతే ఎవరూ ఏమీ అనరు.

"నాకు పూచీ ఉండేవాళ్లు లేరు మేడం. పన్నెండు వద్దు. మూడు చీరలియ్యండి. సోమవారం తెచ్చిస్తా. చూసుకుని ఇంకో మూడియ్యండి. మూడింటికంటే ఎక్కువ ఎప్పుడూ నా దగ్గరుండవు. ఆధారు జెరాక్సు నాదిస్తా. సంతకం నేను పెడతా."

"నాలుగుసార్లు తిరగల్ల నువ్వు."

"తిరుగుతా."

శోభారాణి అరల దగ్గరకు పోయి మూడు చీరలు ఎంచి తెచ్చింది. పన్నెండింట్లోకీ తక్కువ ధరవి. ప్రేమలత అది గమనించింది. ఒక్కొక్క చీరనూ బల్ల మీద విప్పి, అంచు నుంచి కొంగు వరకు అరచేత్తో తడుముకుంటూ పోయింది. రెండో చీరలో మిరపగింజంత నూనె మరక కనిపించింది. దాన్ని శోభారాణికి చూపించి, ఆమె ముందే ఫోటో తీసుకుంది.

శోభారాణి కళ్లద్దాలు పెట్టుకుని మరకను చూసింది. "నేను చూసుకోలేదు" అంది. లోపలికి పోయి ఆ చీర పెట్టి, ఇంకొకటి తెచ్చింది. ఈసారి తెచ్చింది ముదురు ఆకుపచ్చది, ఖరీదైనది.

బయట ఎండ మండుతోంది. నాలుగు అడుగులు వేసిందో లేదో ఎదురుగా గూడ్సు ఆటో ఆగింది. దిగినవాడు జయచంద్ర, ఆమె వదిలి వచ్చిన భర్త. గడ్డం పెరిగి ఉంది, చొక్కా పైగుండీ ఊడిపోయి ఉంది. ప్రేమలత చుట్టూ చూసింది. పక్కన టీ అంగడి, నలుగురైదుగురు మనుషులు. ఆమె వాళ్ల వైపు రెండడుగులు జరిగి నిలబడింది.

"మాయమ్మ యాడుండాది?" అన్నాడు అతను.

ఆ ప్రశ్న ఆమె ఎదురుచూసింది కాదు.

"నాకేం తెలుసు?"

"అబద్ధం చెప్పద్దు. ఆదివారం పోయింది. నీ దగ్గరికి కాకుంటే యాడికి పోతాది? ఒకటో తేదీ వస్తాండాది. పింఛనుకు వేలిముద్ర ఎవురేస్తారు, నువ్వేస్తావా?"

అంటూనే అతను చెయ్యి చాపి సంచి పట్టీ అందుకున్నాడు. ప్రేమలత పట్టీ వదల్లేదు. గొంతు పెంచలేదు కూడా. 

"దీంట్లో ఉండేవి ఆ అంగడి చీరలు. చింపితే నన్ను కాదు, నిన్నడుగుతాది ఆ మేడం. చూడు, తలుపు దగ్గరే ఉండాది."

నిజంగానే గాజు తలుపు వెనక శోభారాణి నిలబడి చూస్తోంది. టీ అంగడి దగ్గర ఒకాయన గ్లాసు కింద పెట్టాడు. జయచంద్ర చెయ్యి తీసేశాడు. "దొరకనీ, ఇద్దరి సంగతీ చూస్తా" అని ఆటో ఎక్కాడు.

స్టేషను చేరేవరకు ప్రేమలత వెనక్కి తిరగలేదు. ప్లాట్‌ఫారం మీద బల్ల మీద కూర్చుని, సంచిని ఒళ్లో పెట్టుకుని, మూడు చీరలూ మడత చెదరకుండా ఉన్నాయో లేదో చూసుకుంది. అప్పుడు ఫోను తీసి ఆ తెలియని నంబరుకు తనే చేసింది. ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"మీ అత్త తిమ్మక్క నాకు పెద్దమ్మవుతాది. అగళి నుంచి మాట్లాడేది. నాలుగు దినాల్నుంచి నీకే చేస్తాండె, నువ్వు ఎత్తకపోతివి. నువ్వు పెనుకొండలో ఉండావని మార్కెట్లో ఎవురో చెప్పినారంట, పొద్దున బస్సెక్కి ఆడికి పోయింది. అడ్రసు లేకుండా ఎట్ల పోతావంటే, కుచ్చుల ప్రేమలత అని అడిగితే చెప్తార్లే అనె."

ఆమె ఇల్లు చేరేసరికి తిమ్మక్క గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన నాగజ్యోతి ఇచ్చిన టీ గ్లాసు ఖాళీగా ఉంది. కోడల్ని చూసి గోడ పట్టుకుని లేచింది. ఎడమ చెంప మీద పసుపు రాసుకున్నట్టు కనిపించింది. దగ్గరికి పోతే తెలిసింది, పసుపు కాదు. మానుతున్న దెబ్బ.

"వాడు కనపడినాడా?"

"కనపడినాడు. నువ్వు యాడుండావని అడిగినాడు."

"ఏం చెప్తివి?"

"అప్పుడు నాకు తెలీదు. తెలీదనే చెప్పినా."

తిమ్మక్క తెచ్చుకున్నది ఒక గుడ్డసంచి. అందులో రెండు చీరలు, ఆధారు కార్డు, పింఛను కాగితం. అన్నం తినేటప్పుడు ఆమె వంచిన తల ఎత్తలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, "ఒక మూలన పడుంటా ప్రేమా. వండి పెడతా, ఊడుస్తా. నువ్వు పని చూసుకో" అంది.

ప్రేమలత గిన్నెలు పక్కకు జరిపింది. ఏడాదిన్నరగా ఆమెలో ఒక ప్రశ్న ఉంది. అడగవలసిన మనిషి ఎదురుగా కూర్చుంది.

"వాడు నన్ను కొట్టేటప్పుడు నువ్వు టీవీ సౌండు ఎందుకు పెంచేదానివత్తా?"

 బయట నాగజ్యోతి కోళ్లను గూట్లోకి తోలుతున్న చప్పుడు వినిపించింది.

"ఈదిలో వాళ్లు వింటే మన పరువు పోతాదని" అంది తిమ్మక్క. ఇంకాసేపటికి మళ్లీ అంది. "శనివారం నన్ను కొట్నప్పుడు టీవీ లేదు. కరెంటు పోయిండె. ఈది ఈదంతా విన్నారు. ఒక్కరూ రాలేదు."

ప్రేమలతకు క్షమించానని అనాలనిపించలేదు. పొమ్మని అనాలనీ అనిపించలేదు. ఆమె లేచి, అలమర్లోంచి పాడైపోయిన పట్టుకొంగు ముక్క ఒకటి తీసి తిమ్మక్క ఒళ్లో వేసింది.

"నాకు వంటమనిషి వద్దత్తా. నాకు నేను వండుకుంటా. నువ్వీ పని నేర్చుకో. మిగతా నలుగురికి ఇచ్చేదే నీకూ. పని కుదిరినాక గది బాడుగలో సగం నువ్వియ్యల్ల."

తిమ్మక్క ఆ ముక్కను పట్టుకుని చూసింది. నలభై ఏళ్లు హిందూపురం మార్కెట్లో చింతపండు గింజ తీసిన వేళ్లవి. కొసలు నల్లబడి గరుకు తేలాయి. ముట్టుకోగానే పట్టుపోగులు చర్మానికి తగులుకుని లేచాయి.

"నా చేతికిది రాదు."

"వస్తాది. ఇప్పుడు ఉప్పు, కొబ్బరినూనె కలిపి రుద్దుకుని పండుకో. పొద్దున సబ్బేసి కడుక్కో. వారం చేస్తే మెత్తబడతాయి."

శుక్రవారం పొద్దున ప్రేమలత లేచేసరికి తిమ్మక్క తలుపు దగ్గర వెలుతురులో కూర్చుని, నాగజ్యోతి చూపించినట్టు పాయలు విడదీస్తోంది. నాలుగు ముళ్లు వేసింది. ప్రేమలత బొటనవేలితో నొక్కి చూసింది. మూడు వదులు. మూడూ విప్పింది. తిమ్మక్క మళ్లీ మొదలుపెట్టింది.

పది గంటలకు ఇద్దరూ వార్డు సచివాలయానికి పోయారు. కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి పింఛను కాగితం తిప్పి చూసి, "హిందూపురం నుంచి ఈడికి మార్చల్లా? పై నెల నుంచి వస్తాది. ఈమె మీకేమైతారు?" అని ప్రేమలతను అడిగింది.

తిమ్మక్క నేల చూపులు చూసింది. అత్త అంటే భర్త పేరు అడుగుతారు.

"నాతో పని చేస్తుంది మేడం. నా గదిలోనే ఉంటుంది. అడ్రసు అదే రాయండి."

అమ్మాయి రాసుకుంది. "ఫోన్ నంబరు జయచంద్ర అని ఉండాది. మెసేజిలన్నీ ఆయనకే పోతాయి. ఇదే ఉంచల్లా?"

"వద్దు" అంది తిమ్మక్క వెంటనే. "ప్రేమలతది రాసుకో తల్లీ."

ప్రేమలతకు తన నంబరు నాలుక చివరిదాకా వచ్చింది. అది చెబితే పని అయిపోతుంది. ఇంట్లో చీరలు కాచుకుని ఉన్నాయి. ఫ్యాక్టరీలో పనిచేసిన ఆరేళ్లూ తన జీతం పడిన మెసేజి జయచంద్ర ఫోనుకే వచ్చేది. జీతం పడిందో లేదో ఆ సాయంత్రం అతని ముఖం చూసి తెలుసుకునేది.

"మేడం, ఆ గడి ఖాళీగా ఉంచండి. గంటలో వస్తాం."

బయట మెట్ల మీద తిమ్మక్క ఆగింది. "నీ నంబరుకేమైంది? నా దుడ్లు నువ్వు తింటావా?"

"తిననత్తా."

"మల్ల?"

"తిననని నువ్వు నన్ను నమ్ముకుని కూర్చునే పనుండకూడదు."

రోడ్డుకు అటువైపు ఫోన్ల అంగడి ఉంది. సిమ్ము ఇవ్వడానికి వేలిముద్ర కావాలన్నారు. తిమ్మక్క బొటనవేలు పెట్టింది. యంత్రం ఒప్పుకోలేదు. చూపుడువేలు పెట్టింది. అదీ కాలేదు. అంగడాయన వేలిని తడిగుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టమన్నాడు. అన్నేళ్లు గింజ తీసిన వేళ్ల మీద గీతలు మిగల్లేదు. చివరకు ఎడమచేతి ఉంగరపు వేలికి పచ్చదీపం వెలిగింది. ప్రేమలత ఇంటికి పోయి తన పాత బటన్ల ఫోను తెచ్చింది. దానికి సిమ్ము వేసి, నంబరును ఒక చీటీ మీద రాసి తిమ్మక్క చేతికిచ్చారు.

తిమ్మక్కకు చదువు రాదు, అంకెలు వచ్చు. చీటీ చూసుకుంటూ, గొణుక్కుంటూ రోడ్డు దాటింది. సచివాలయం వసారాలో వరసలో నిలబడ్డప్పుడూ గొణుగుతూనే ఉంది. వాళ్ల వంతు వచ్చింది.

"నంబరు చెప్పండి" అంది అమ్మాయి, అలవాటుగా ప్రేమలత వైపు చూస్తూ.

ప్రేమలత పక్కకు జరిగింది. తిమ్మక్క చీటీ మడిచి పిడికిట్లో పెట్టుకుని, ఒక్కొక్క అంకే చెప్పడం మొదలుపెట్టింది. ఆరో అంకె దాకా వచ్చి ఆగింది. కళ్లు మూసుకుంది. వెనక వరసలో ఎవరో దగ్గారు. ఏడో అంకె ఏదో ప్రేమలతకు తెలుసు. అయినా అందించలేదు. తిమ్మక్క కళ్లు తెరిచి, మిగిలిన నాలుగూ చెప్పింది.

"సరిగా వినపడలేదవ్వా. ఇంకొకసారి చెప్పు."

తిమ్మక్క ఈసారి గొంతు పెంచి చెప్పింది. ఎక్కడా ఆగలేదు.